పశుశస్త్రవైద్యమున సీవనకర్మ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



వ్యవసాయదారుని యింట భూమి తరువాత లెక్కకు వచ్చు ఆస్తి పశువు. పొలము కౌలునకు దొరకును. విత్తనము అప్పునకు దొరకును. కాని దుక్కి అదనున ఎద్దు గాయపడి మూలబడినను, ఈనిన పక్షమునకే గేదె చన్ను చినిగినను, ఆ అదనును మరల తెచ్చి యిచ్చువాడు ఎవ్వడును లేడు. ఇట్టి నష్టములలో పెక్కులు గాయమువలన గాక, గాయమునకు తొందరపడి చేసిన ఉపచారమువలననో, చేయవలసిన వేళ చేయక జాగు చేయుటవలననో కలుగుచున్నవి. గాయము కనబడగానే "నాలుగు కుట్లు వేసిన మానిపోవును" అనుమాట పుట్టును. ఈ మాట సగమే నిజము. కుట్టు గాయమును మాన్పదు. మాన్పునది పశువుయొక్క దేహమే. చీలిన అంచుల నడుమ క్రొత్తమాంసమును పెంచి, క్రొత్తచర్మమును కప్పి, దేహము తన పనిని ముగించువరకు, ఆ అంచులను కదలనీయక పట్టియుంచుట మాత్రమే కుట్టు చేయు పని. కావున కుట్టునకు ముందు రెండు ప్రశ్నలు గలవు. ఈ గాయమును కుట్టవచ్చునా? కుట్టవచ్చునేని, ఏ పొరకు ఏ కుట్టు, ఏ దారముతో? ఈ రెండు ప్రశ్నలకు సమాధానమే ఈ ఉపన్యాసమునందలి విషయము.

మన ప్రాచీనులకు ఈ విద్య క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత శస్త్రకర్మలను ఎనిమిదిగా విభజించి, అందు సీవనమును, అనగా కుట్టుటను, ఒకటిగా లెక్కించినది. సూత్రస్థానమున ఇరువదియైదవ అధ్యాయమునందు వేల్లితకము, గోఫణిక, తున్నసేవని, ఋజుగ్రంథి యని నాలుగు విధములైన కుట్లు చెప్పబడినవి. వేల్లితకము తీగవలె చుట్టుకొనిపోవు పరుగుకుట్టును, ఋజుగ్రంథి యొక్కొక్కటిగా ముడివేయు విడికుట్టును పోలియున్నవి. దారములుగా సన్నని నూలును, అశ్మంతకపు నారను, జనపనారను, స్నాయువును, వెండ్రుకను, తిప్పతీగ నారను పేర్కొన్నారు. మాంసము తక్కువగానుండు చోటను, కీళ్లయందును రెండంగుళముల గుండ్రని సూదిని, మాంసలమైన చోట మూడంగుళముల మూడుపలకల సూదిని, మర్మస్థానములందును ఉదరమునందును ధనుస్సువలె వంగిన సూదిని వాడుమనిరి. శిష్యుడు తొలుత సన్నని, దళసరి వస్త్రముల అంచులమీదను, మెత్తని తోలు అంచులమీదను కుట్టి చేయి కుదుర్చుకొనవలెనని నియమించిరి. నేటి పశువైద్య విద్యార్థియు బ్రదికిన పశువును ముట్టుకొనుటకు ముందు తోలుముక్కమీదనే అభ్యాసము చేయుచున్నాడు.

అన్నిటికంటె గ్రహింపవలసినవి ఆ అధ్యాయమునందలి రెండు విధులు. ఒకటి: సూదిని అంచునకు మిక్కిలి దూరముగను గుచ్చరాదు, మిక్కిలి దగ్గరగను గుచ్చరాదు. దూరమైన యెడల గాయపు పెదవులు బాధించును. దగ్గరయైన యెడల దారము కండను కోసికొని వచ్చును. రెండవది: క్షారమువలనను, అగ్నివలనను, విషమువలనను కలిగిన గాయములను, లోపల దుమ్ము, వెండ్రుక, గోరు, విరిగిన యెముకముక్క నిలిచియున్న గాయములను శుభ్రపరుపక కుట్టరాదు, కుట్టినచో అవి లోపలనే చీము పట్టించును. సూక్ష్మజీవుల పేరైనను ఎవ్వరును వినని కాలమున కనుచూపుచేతనే తెలిసికొన్న ఈ రెండు విధులను నేటి శస్త్రశాస్త్రమేదియు త్రోసివేయలేదు.

నవీనయుగమున ఈ శాస్త్రమునకు ప్రాణము పోసినవాడు ఇంగ్లాండు దేశపు జోసెఫ్ లిస్టరు. గాయము కుళ్లుటకు సూక్ష్మజీవులే కారణమని నమ్మి, కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుద్ధిచేయు పద్ధతిని ఆయన 1867లో ప్రకటించెను. లోపల కట్టిన దారము ఏమగునో తెలిసికొనుటకు పరీక్షింపబడినవి మాత్రము పశువులు. 1867 డిసెంబరులో గుఱ్ఱము మెడయందలి రక్తనాళమును శుద్ధిచేసిన పట్టుదారముతో కట్టెను. 1868 డిసెంబరు 31వ తేదీన ఒక దూడ మెడయందలి రక్తనాళమును, కార్బాలిక్ ఆమ్లమున నానబెట్టిన పేగుదారముతో కట్టెను. నెల దినములు గడచిన పిమ్మట పరీక్షింపగా, దారముండిన చోట చీము లేదు; దారము స్థానమును సజీవమైన కండ ఆక్రమించుకొనుచుండెను. దేహములో తనంత తాను కరగిపోవు దారమును శుద్ధిచేసి లోపల విడిచిపెట్టవచ్చునని దీనివలన తెలిసినది. మనుష్యుల శస్త్రవైద్యము పశువులకు ఇంతగా ఋణపడియున్నది. ఆ ఋణము తీర్చుటయన, పశువుయొక్క గాయమును గూడ మనుష్యుని గాయమువలె శ్రద్ధతో చూచుటయే.

ఇక మొదటి ప్రశ్న: కుట్టవచ్చునా? పదునైన వస్తువుచే తెగి, అంచులు శుభ్రముగానుండి, గాయమై 6 మొదలు 8 గంటలు దాటనియెడల, కడిగి వెంటనే కుట్టుట మంచిది. ఈ గంటలు గీచిన గీత కావు. రక్తప్రసారము మెండుగా గల ముఖమునందలి గాయము కొంత ఆలస్యమైనను కుట్టునకు లోబడును. పేడయందును బురదయందును దొర్లిన కాలిగాయము రెండు గంటలకే లోబడకపోవచ్చును. కుక్కకాటు, లోతుగా దిగి మూతి చిన్నదైన కొమ్ముపోటు, నలిగి నల్లబడిన కండ, ఇదివరకే చీము పట్టిన గాయము, వీనిని నాడే మూయుట ప్రమాదము. గాలి తగులని లోతున ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవి సుఖముగా పెరుగును. గుఱ్ఱములును, గొఱ్ఱెలును, మేకలును ఆవులకంటె ఎక్కువగా ధనుర్వాతమునకు లోనగును. అట్టి గాయమును వైద్యుడు కడిగి, చచ్చినకండను కోసివేసి, కట్టుకట్టి, 3 మొదలు 5 దినములు గమనించి, శుభ్రపడిన పిమ్మట కుట్టును. లేదా అసలే కుట్టక అడుగునుండి మాంసము పెరిగి పూడుకొనునట్లు విడుచును. "వైద్యుడు వచ్చియు కుట్టక పోయినాడు" అని నిందించువారు ఈ సంగతి తెలిసికొనవలయును. కుట్టకుండుటయు వైద్యమే.

కుట్ట నిశ్చయించిన పిమ్మట నాలుగు సంగతులు కావలయును. అంచులు మంచిరక్తము ప్రసరించు కండయై యుండవలయును. అంచులపై లాగుడు తక్కువగా నుండవలయును. పొరల నడుమ రక్తమో నీరో నిలుచు బోలు మిగులరాదు. ముడి బిగువు అంచులను కలుపునంతయే గాని నొక్కునంత కారాదు. ఈ నాలవదానియందే తప్పులు మెండు. గాయమైన చోటు మరునాటికి వాచును. నేడు తగినంత బిగువుగానున్న కుట్టు రేపు ఉరిత్రాడగును. రక్తము ఆడని అంచు చచ్చును. ఆ చచ్చిన అంచునుండి కుట్టు ఊడివచ్చును. గట్టిగా బిగించిన కుట్టు గట్టిగా నిలుచునను నమ్మిక మూటకట్టుటలో నిజము, కండయందు అబద్ధము.

సూదులు రెండు తెగలు. మూడుపలకలుగా అంచు పదునుగానున్న కోతసూది చర్మమునకు. ఎద్దుతోలు మరియే సూదికిని లొంగదు. గుండ్రని ఒడలు గల సూది పేగు, గర్భసంచి, పెద్దపొట్ట వంటి మెత్తని అవయవములకు. ఇది కండను కోయక త్రోవ చేసికొని పోవును గనుక రంధ్రము దారము చుట్టు మూసికొనును. కోతసూదితో పేగును కుట్టినచో ప్రతి రంధ్రమునుండియు లోపలి మలినము కారును. దారములును రెండు తెగలు: కరగునవి, కరగనివి. పేగుదారము, పాలిగ్లైకాలిక్ ఆమ్లపు దారము, పాలిగ్లాక్టిన్ దారము కరగునవి; నైలాను, పట్టు, పాలిప్రొపిలీను కరగనివి. పేగుదారము అగ్గువయే గాని, చీము గల చోట అనుకొన్నదానికంటె ముందే బలము కోల్పోవును. పాలిగ్లాక్టిన్ దారము మూడు వారములకు సగము బలమును నిలుపుకొని, సుమారు 56 మొదలు 70 దినములలో కరగిపోవును. పట్టు, నూలు వంటి పురి దారములు ముడికి చక్కగా నిలుచును; కాని వత్తి నూనెను పీల్చినట్లు మలినమును లోనికి పీల్చును. ఒంటిపోగు నైలాను మలినమును పీల్చదు. కాని జారుడు గలది గనుక ముడికి మరికొన్ని మడతలు వేయవలయును.

దారము నెన్నుకొనుటకు మూలసూత్రమిది: కండ తన బలమును తిరిగి సంపాదించుకొనువరకు దారము బలము నిలువవలయును. పేగువంటి అవయవములు రెండు వారములకే చాలవరకు బలపడును. చర్మము నెమ్మదిగా బలపడును. మూడు వారములకు దాని బలము మునుపటిలో ఐదవ వంతు మాత్రమే. కండలను కప్పియుండు గట్టిపొరలును, స్నాయువులును ఇంకను నెమ్మది. కుట్లు విప్పిన మరునాడే ఎద్దును కాడికి కట్టరాదనుటకు కారణమిదియే. పైకి మానినట్లు కనబడును; లోపల మానుట అప్పుడే మొదలిడి నడచుచుండును.

ముడిని గూర్చి యొక్కమాట. మొదటి మడతలో కుడికొన ఎడమకొనపై పోయినచో, రెండవ మడతలో ఎడమకొన కుడికొనపై పోవలయును. అప్పుడు ముడి చదునుగా కూర్చుండి లాగినకొలది బిగియును. రెండుమారులును ఒకేవైపు త్రిప్పినచో ముడి జారును. లాగుడు గల చోట మొదటి మడతలో దారమును రెండుచుట్లు త్రిప్పుదురు. రెండవ మడత వేయులోపల అది సడలదు. చర్మముపై ముడి గాయపు గీతమీద గాక ప్రక్కకు జరిగియుండవలయును. చర్మపు ముడికి కొనలు సుమారొక సెంటిమీటరు విడుచుట విప్పునపుడు పట్టుకొనుటకు. లోపలి ముడికి కొనలు పొట్టిగా కత్తిరించుట, దేహమున మిగులు దారము తగ్గుటకు.

ఇక కుట్ల రకములు. దర్జీ పనితో పోల్చినచో ఇవి అందరికి సులభముగా బోధపడును.

మొదటిది విడికుట్టు. సూదిని ఒక అంచునందు గుచ్చి, రెండవ అంచునుండి తీసి, ముడివేసి, కత్తిరింతురు. పశువు చర్మమున సుమారొక సెంటిమీటరు ఎడముగా గుచ్చి, కుట్టునకును కుట్టునకును ఇంచుమించు అంతే దూరముంచుదురు. దీని గుణము స్వతంత్రత: ఒకటి తెగినను తక్కినవి నిలుచును, ఒకచోట చీము పట్టిన అచటి కుట్టొక్కటే విప్పవచ్చును. దీని లోపము కాలము. ముడులు పెక్కు, దారము పెక్కు.

రెండవది పరుగుకుట్టు. ఒకకొనను ముడివేసి, గాయము పొడవునను ఒకేదారముతో కుట్టుచుపోయి, చివరను ముడివేయుదురు. త్వరగా ముగియును; లాగుడు అంతటను సమముగా పంచుకొనబడును. కాని ఒకచోట తెగెనేని వరుసయంతయు వదులగును. అందుచే దీనిని కండపొరలకును, చర్మము క్రింది పొరకును వాడుదురు. దీనికే చేసిన మార్పు కాజాకుట్టు. చొక్కా గుండీకాజా అంచును కుట్టునట్లే, ప్రతి పోటునందును సూదిని వెనుకటి దారపుమెలిక లోపలినుండి తీయుదురు. మెలికమెలికకు కొంత పట్టు గలిగి, పరుగుకుట్టు వేగము పోకయే విడికుట్టు స్థైర్యము కొంత వచ్చును. ఆవులు, గేదెలు, ఎద్దుల డొక్కచర్మమునకు వైద్యులు తరచుగా వేయునది ఈ కుట్టే.

మూడవది పరుపుకుట్టు. లాగుడు ఎక్కువగా గల చోట వాడునది. అడ్డపరుపుకుట్టునందు సూది ఒక అంచునుండి రెండవ అంచునకు పోయి, ఆ ప్రక్కనే కొంతదూరము జరిగి, తిరిగి మొదటి అంచునకు వచ్చును. రెండుకొనలును ఒకేవైపు ముడిపడును. పట్టు గట్టిది; కాని ఆ దారము నడుమ చిక్కిన అంచునకు రక్తము తగ్గును. నిలువుపరుపుకుట్టునందు సూది మొదట అంచునకు దూరముగా పోయి, తిరిగి వచ్చునపుడు అదే వరుసలో అంచునకు దగ్గరగా వచ్చును. రక్తమునకు అడ్డంకి తక్కువ. దారము చర్మమును కోయకుండుటకై దాని క్రింద రబ్బరుగొట్టపు ముక్కలను దొనుపుటయు గలదు.

నాలవది అంతర్ముఖపు కుట్టు. చర్మమునకు అంచుతో అంచు సరిగా కలియవలయును. లోనికి ముడుచుకొన్నచో మానదు. పేగు, పెద్దపొట్ట, గర్భసంచి వంటి బోలు అవయవములకు విధి దీనికి విపరీతము. అంచులు లోనికి ముడుచుకొని, వెలుపలి నునుపైన పొరలు రెండును ఒకదాని నొకటి తాకవలయును. ఆ పొరలు కొన్ని గంటలలోనే జిగురుపట్టి అతుకుకొనును. ఈ సంగతిని ఆధారముగా గొని ఫ్రాన్సుదేశపు లాంబేరు 1826లో ప్రకటించిన కుట్టు నేటికిని ఆయన పేరనే చెల్లుచున్నది. అందు సూది అంచునకు అడ్డముగా పోవును. కుషింగుగారి పేర చెల్లు కుట్టునందు అంచు పొడవుననే పోవును. రెంటియందును దారము అవయవపు లోపలి బోలులోనికి దిగదు. ఆవు గర్భసంచిని కుట్టునపుడు, ముడులు పైకి కనబడక పొరలో దాగునట్లు కుట్టు విధము నెదర్లాండ్సునందలి ఉట్రెక్టు నగరము పేర ప్రసిద్ధము. ముడి బయటనున్నచో ఇతర అవయవములు దానికి అతుకుకొని, మరల చూలు కట్టుటకు అవరోధము కలుగవచ్చును.

అయిదవది సంచిమూతి కుట్టు. తాంబూలపు సంచి మూతికి త్రాడు దూర్చి లాగినట్లే, ద్వారము చుట్టును దారమును పోనిచ్చి బిగించుదురు. గొఱ్ఱెలకు, దూడలకు గుదము జారినపుడు, లోనికి చేర్చి, మలము పోవునంత త్రోవ విడిచి, ఈ కుట్టు వేయుదురు. కొలది దినములలో విప్పుదురు.

ఈ కుట్లన్నియు ఒక్క శస్త్రచికిత్సయందే ఎట్లు కలియునో చూచిన, ఎంపికయన నేమో స్పష్టమగును. పట్టణపు వీథులందును, ఊరి చెత్తకుప్పలయందును తిరుగు ఆవు ప్లాస్టిక్ సంచులను మ్రింగును. అవి రూమెన్ అను పెద్దపొట్టలో పేరుకొని ముద్దగట్టును. మేత తగ్గును, కడుపుబ్బును, ఆవు చిక్కిపోవును. మందులకు లొంగనపుడు పొట్టను తెరవవలయును. ఆవును నిలువబెట్టియే, వెన్నెముక ప్రక్కనున్న నరములకు లిగ్నోకెయిన్ అను తిమ్మిరిమందు నెక్కించి, ఎడమడొక్కను కోయుదురు. చర్మము, వెలుపలి వాలుకండ, లోపలి వాలుకండ, అడ్డకండ, ఉదరపు లోపొర యని వరుసగా ఐదు పొరలు. పిమ్మట పెద్దపొట్ట గోడను పైకి లాగి, తెరచుటకు ముందే, గాయపుటంచునకు చుట్టును పరుగుగా కుట్టుదురు. మేతనీరు ఒక్కగిన్నెడు కడుపులో పడినను ఆవు దక్కుట కష్టము. పొట్టను కోసి, చేయి పెట్టి, ప్లాస్టిక్ ముద్దలను, త్రాళ్లను, ఒక్కొక్కప్పుడు మేకులను తీయుదురు.

ఇక మూయుట. పొట్టగోడను గుండ్రనిసూదితో, కరగుదారముతో, రెండువరుసల అంతర్ముఖపు కుట్లతో మూసి, శుద్ధజలముతో కడిగి, వైద్యుడు చేతితొడుగులను పనిముట్లను మార్చుకొనును. అంతవరకు వాడినవి మలినములు గనుక. ఉదరపు లోపొరను అడ్డకండతో కలిపి పరుగుకుట్టుతోను, వాలుకండలను మరియొక పరుగుకుట్టుతోను, నడుమ బోలు లేకుండునట్లు అక్కడక్కడ క్రిందిపొరను గూడ పట్టుకొనుచు కుట్టుదురు. చర్మమునకు కోతసూది, నైలాను వంటి కరగనిదారము, కాజాకుట్టు. కాని గాయము అడుగుకొనయందు మాత్రము రెండుమూడు విడికుట్లు వేసి విడుతురు. కారణము విచారింపదగినది. రేపు లోపల చీమో నీరో చేరెనేని అడుగునకే దిగును. అప్పుడు కాజాకుట్టు వరుసను కదపక ఆ రెండుకుట్లనే విప్పి, లోపలిది పోనీయవచ్చును. రాగల కీడును తలచి ముందే త్రోవ విడుచుట ఇది. ఒక్క గాయమున ఒక్కొక్క పొరకు ఒక్కొక్క కుట్టు. ఏదియు శోభకై వేసినది కాదు.

రైతులు ప్రత్యేకముగా నెఱుగవలసిన గాయములు మరి రెండు గలవు. మొదటిది చన్ను చినుగుట. ముళ్లతీగకు తగిలినను, ప్రక్కపశువు త్రొక్కినను చన్ను చీలి పాలు ప్రక్కనుండి కారును. దీనిని పైచర్మము మాత్రమే కలిపి కుట్టినచో, లోపలి పాలు ఒత్తి కుట్టును త్రోసికొని మరల కారును, రంధ్రము శాశ్వతమగును, ఆ త్రోవనే పొదుగువాపు ప్రవేశించును. కావున లోపొర, నడిమిపొర, చర్మము మూడింటిని వేరువేరుగా, సన్నని దారముతో, దారము పాలత్రోవలోనికి దిగకుండునట్లు కుట్టవలయును. 12 గంటలలోపల ఈ పని జరిగినచో ఫలము బాగుగా నుండును. పిమ్మట ఆ చన్నును చేతితో పిండక, వైద్యుడు చెప్పిన రీతిని పాలు తీయవలయును.

రెండవది చూడిపశువునకు మెయ్య దిగుట, అనగా యోనిభాగము వెలుపలికి వచ్చుట. దానిని శుభ్రపరచి లోనికి చేర్చి, వెడల్పైన పట్టీని చర్మము క్రిందుగా ద్వారము చుట్టును పోనిచ్చి, మూత్రము పోవునంత ఎడముంచి కట్టుదురు. ఈ కుట్టు పశువును కాపాడును. మరచినచో అదే పశువును చంపును. ఈనిక గురుతులు కనబడగానే దానిని విప్పవలయును. విప్పనియెడల దూడ బయటికి రాలేక లోపలనే చచ్చుటయో, తల్లి చీలిపోవుటయో జరుగును. కుట్టు వేసిన దినమును, ఈనవలసిన దినమును కొట్టము గోడమీద వ్రాసికొని, రాత్రులందు గూడ కనిపెట్టియుండుట యజమానుని విధి. వైద్యుని సూది ఒక గడియ పని. యజమానుని కన్ను నెలదినముల పని.

వైద్యుడు వచ్చులోపల రైతు చేయదగినది కొంచెమే; చేయరానిది మెండు. పసుపు, బూడిద, పేడ, సున్నము, కిరసనాయిలు, వాడిన ఇంజను నూనె, వీనిలో ఏదియు గాయమున పోయరాదు. పేడయందు ధనుర్వాతపు బీజములుండును. తక్కినవి చూర్ణములైన మలినమై నిలుచును, లేదా బ్రదికిన కండను కాల్చును. దబ్బనముతోను పురికొసతోను ఇంట కుట్టుట, మలినమును లోపల పెట్టి తలుపు మూయుటయే. కాచి చల్లార్చిన నీటికి లీటరునకు 9 గ్రాముల ఉప్పు చేర్చి ధారగా పోసి కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పవలయును. రక్తము చిమ్ముచున్న యెడల గుడ్డను మడచి గట్టిగా అదిమి పట్టుకొనవలయును. కడుపు చీలి పేగు వెలికి వచ్చినచో, లోనికి నెట్టక, ఆ ఉప్పునీట తడిపిన శుభ్రవస్త్రమున చుట్టి, నేలకు తగులనీయక పట్టుకొనవలయును. శస్త్రవైద్యము నమోదైన పశువైద్యుని పనియని 1984వ సంవత్సరపు భారత పశువైద్య మండలి చట్టము విధించుచున్నది. దూరవాణిలో 1962 అను సంఖ్యకు చెప్పినచో సంచార పశువైద్య వాహనము వచ్చు ఏర్పాటు ఆంధ్రప్రదేశమునందును తెలంగాణమునందును కలదు. గాయమైన వేళను మరువక చెప్పవలయును. వైద్యుడు మొదట అడుగునది ఆ గడియనే.

కుట్లు వేసిన పిమ్మట పశువును పొడినేలపై, మెత్తని గడ్డి పఱచి కట్టవలయును. నాకనీయరాదు, ఈగలను వాలనీయరాదు, పురుగు పడును. మొదటి రెండు మూడు దినములు కొంచెము వాపు సహజము. వాపు పెరిగి వేడియై, దుర్వాసన వచ్చి, పశువు మేత మానెనేని వేచియుండరాదు. చర్మపు కుట్లను 10 మొదలు 14 దినములకు విప్పింతురు. డొక్క వంటి చోట వైద్యుడు మరికొన్ని దినములు నిలుపవచ్చును. గడువునకు ముందు విప్పిన గాయము తెఱచుకొనును. గడువు మీరినచో దారమే ముల్లై చీము పట్టించును.

కుట్టునందలి గొప్ప కుట్టువాని వేగమునందు లేదు, దారము బిగువునందు లేదు, గీత అందమునందు లేదు. పొరను చూచి కుట్టును, కండ మానుకాలమును చూచి దారమును, గాయపు స్థితిని చూచి మూయుటయో విడుచుటయో నిర్ణయించుకొను వివేకమునందున్నది. ఆ వివేకము వైద్యునకు విద్యవలన వచ్చును. ఆ విద్యకు అవకాశము కలుగునట్లు వేళకు పిలుచుటయు, గాయమును చెఱుపక అప్పగించుటయు, చెప్పిన దినమునకు కుట్లు విప్పించుటయు పశువు యజమానుని చేతిలోనివి. నోరులేని ప్రాణికి తన నొప్పిని చెప్పుకొను భాష లేదు. దాని పక్షమున వేళ యెఱిగి మాటాడవలసినవాడు యజమానుడే.

స్వస్తి.